తీగ వూరికొచ్చింది సరే, ఇంటికొచ్చేదెప్పుడు?

కాలువకు నీరు వదిలారని విన్నంత మాత్రాన శివారు రైతు నారుమడి దున్నడు. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తడం ఒక ఎత్తు. ఆ నీరు లాకులు దాటి, పెద్ద కాలువ దాటి, పంట బోదెలోకి దిగి తన మడిలో పడడం మరొక ఎత్తు. కోనసీమలో ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు, పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే ఇంటర్నెట్ తీగ విషయానికొచ్చేసరికి ఈ తెలివి ఎందుకో పనిచేయడం లేదు. "ఫలానా పంచాయతీకి ఫైబర్ చేరింది" అని కాగితం మీద రాస్తే అధికారులు పని అయిపోయిందనుకుంటున్నారు. జనం కూడా అదేదో వచ్చేసిందటలే అని వూరుకుంటున్నారు. వూరి చివర పేటలో వున్న మనిషి మాత్రం సెల్‌ఫోను పట్టుకుని డాబా మెట్ల మీదే కూర్చుంటున్నాడు.

వూరికి తీగ రావడం వేరు, ఇంటికి తీగ రావడం వేరు, వచ్చిన తీగ తెగితే మళ్లీ అతికే మనిషి దొరకడం వేరు. ఈ మూడింటిలో మొదటిదానికే లెక్క వుంది, బడ్జెట్టు వుంది, ప్రారంభోత్సవం వుంది. మిగతా రెండింటికీ అడిగే నాథుడు లేడు.

లెక్క ఒకటి, వాస్తవం ఒకటి

ఇలాంటి లెక్కలు పల్లెలకు కొత్తేమీ కాదు. పెద్దవాళ్లను అడిగితే కరెంటు కథ చెబుతారు. గ్రామ రెవెన్యూ హద్దుల్లో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక పనికి కరెంటు వాడితే చాలు, ఆ గ్రామానికి విద్యుత్తు వచ్చినట్టేనని ఒకప్పుడు సర్కారు లెక్క. చేలో ఒక మోటారు తిరిగితే వూరంతా వెలుగే! ఆ లెక్కను మార్చి, కనీసం నూటికి పది ఇళ్లలో దీపం వెలగాలి, బడి, పంచాయతీ ఆఫీసు, ఆరోగ్య కేంద్రం వంటి చోట్ల కరెంటు వుండాలి అని నిర్వచనం రాసుకునేసరికి 2004 వచ్చింది. అప్పుడు కూడా మిగతా తొంభై ఇళ్ల మాట అందులో లేదు.

ఫైబర్ కథా ఆ దారినే నడిచింది. దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజు తీగ వేయాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరు 25న తీర్మానించింది. రెండేళ్లలో ముగించాలన్నది అప్పటి సంకల్పం. తరువాత దాని పేరు భారత్‌నెట్‌గా మారింది. మొదటి లక్ష పంచాయతీల పని తెమిలేసరికి 2017 డిసెంబరు అయింది. ఆలస్యం సంగతి అలా వుంచుదాం, ఇంత పెద్ద దేశంలో ఆలస్యాలు వుంటాయి. అసలు చిక్కు మరొకటి. ఆ తీగ ఎక్కడ ఆగింది? పంచాయతీ ఆఫీసు గోడ దగ్గర ఆగింది. ఒక్కో పంచాయతీకి ఇవ్వదలచింది 100 ఎంబీపీఎస్ వేగం. ఆఫీసుకు అది బోలెడు. కాని అదే తీగ మీద అయిదు వందల ఇళ్లు ఒకేసారి ఆధారపడితే తలా 0.2 ఎంబీపీఎస్. అదేం ఇంటర్నెట్టు? 2023 జనవరిలో కేంద్రమే కొత్త నిర్వచనం ఇచ్చింది, 2 ఎంబీపీఎస్ కన్నా తక్కువైతే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనకూడదని.

ఆ పొరపాటు పైవారికీ తెలిసివచ్చినట్టే వుంది. 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్‌కు కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసినప్పుడు, పంచాయతీలతో పాటు గ్రామీణ ప్రాంతాల్లో కోటిన్నర ఇళ్లకు కనెక్షన్లివ్వాలని అందులో రాసుకున్నారు. ఇల్లు అన్న మాట లెక్కలోకి రావడానికి పన్నెండేళ్లు పట్టిందన్నమాట.

మన రాష్ట్రంలో ఈ మాట ముందే వినిపించింది. ఒప్పుకోవలసిన విషయమిది. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థను 2015లో పెట్టారు. పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగకుండా ఇంటి దాకా తీగ, దాని మీదే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను అన్నది మొదటినుంచీ వారి మాట. సఖినేటిపల్లి మండలం మోరి, మోరిపోడు గ్రామాల్లో 2016 డిసెంబరు 29న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఈ సేవను ప్రారంభించారు. ఆ పేరు దేశమంతా మోగింది. ఏడాది తిరిగేసరికి, 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటికీ దాన్ని అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్టు, 250 దాకా టీవీ చానళ్లు, ఒక ఫోను అన్నది ఆనాటి బేరం. దేశంలో ఎక్కడా లేనంత చవక అది.

స్తంభాల మీద ప్రయాణం

ఇంత తక్కువ సమయంలో ఇన్ని వూళ్లకు తీగ ఎలా వెళ్లింది? తవ్వలేదు కాబట్టి వెళ్లింది. రోడ్డు పక్కన గొయ్యి తీసి తీగ పూడ్చాలంటే రోడ్లు భవనాల శాఖ అనుమతి, పంచాయతీ అనుమతి, ఎవరి దొడ్డి ముందు తవ్వుతున్నారని తగాదా, ఆపైన ఖర్చు. అందుకని వూరూరా ఎలాగూ నిలబడి వున్న కరెంటు స్తంభాలనే వాడుకున్నారు. సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను స్తంభాలకు కట్టి, రెండు వేలకు పైగా విద్యుత్ సబ్‌స్టేషన్లను కలిపారు. తెలంగాణలో వేరే దారి పట్టారు. మిషన్ భగీరథ మంచినీటి గొట్టాలకు తవ్విన గోతిలోనే ఫైబర్ గొట్టం కూడా పడేశారు. కేరళవారి కె-ఫోన్ (2023లో ప్రారంభమైంది) మళ్లీ కరెంటు స్తంభాల దారినే నడిచింది. ఏ దారికి ఆ సుఖం, ఆ కష్టం వున్నాయి. గోతిలో వున్నది గాలికి తెగదు, కాని పొక్లెయినుకు తెగుతుంది. స్తంభం మీదిది త్వరగా వస్తుంది, కొబ్బరి మట్ట పడితే అంతే త్వరగా పోతుంది.

కరెంటు తీగల పక్కనే వేలాడుతోంది, షాకు కొట్టదా అని పల్లెల్లో ఇప్పటికీ అడిగేవారున్నారు. ఈ కేబుల్లో ఇనుము, రాగి ఏమీ లేవు. లోపల గాజు పోగులు, వాటికి బలం కోసం గట్టి నార, పైన ప్లాస్టిక్ తొడుగు. స్తంభాల మీద వేసిన పెద్ద కేబుల్లో 24 పోగులుంటాయి. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. మన కంటికి కనబడని వెలుగు అది, సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. (కంటికి కనబడదు కదా అని తెగిన పోగు కొసలోకి తొంగిచూడవద్దు, కన్నుకు మంచిది కాదు. పిల్లలకు ముఖ్యంగా చెప్పాలి.)

సబ్‌స్టేషన్ ఆవరణలో ఒక పరికరం ఈ వెలుగును పంపుతుంది. అక్కడ బయలుదేరేది రెండు మూడు మిల్లీవాట్ల వెలుగు. వూళ్లోకి వచ్చాక స్తంభం మీద ఒక చిన్న పెట్టెలో స్ప్లిట్టర్ వుంటుంది. అది అచ్చం పంట బోదె మొదట్లో వుండే తూము లాంటిది. ఒక పోగును ఎనిమిదిగానో, పదహారుగానో, ముప్ఫై రెండుగానో చీలుస్తుంది. దానికి కరెంటు అక్కరలేదు. అయితే తూముల్లో నీరు పంచుకున్నట్టే వెలుగూ పంచుకుపోతుంది. ఎనిమిదిగా చీలిస్తే ప్రతి ఇంటికీ ఎనిమిదో వంతు కన్నా కొంచెం తక్కువే అందుతుంది. అక్కడినుంచి సన్నని డ్రాప్ వైరు ఇంటి చూరు దాకా వచ్చి, లోపల గోడకున్న పెట్టెలో దిగుతుంది. ఆ పెట్టెను ఓఎన్‌టీ అంటారు. వెలుగును మళ్లీ ఇంటర్నెట్టుగా మార్చేది అదే.

ఒక పోగు మీద సబ్‌స్టేషన్ నుంచి ఇళ్ల వైపు వచ్చే మొత్తం వేగం సుమారు 2.5 జీబీపీఎస్. ముప్ఫై రెండు ఇళ్లు ఒకేసారి పూర్తిగా వాడుకున్నా తలా 78 ఎంబీపీఎస్ వస్తుంది. సబ్‌స్టేషన్‌కు వెనకనుంచి వచ్చే తీగ ఇరుకైతే ఈ లెక్క చెడుతుందనుకోండి. అది వేరే సంగతి. వూళ్లో తీగ వరకు చూస్తే పల్లెకూ పట్నానికీ తేడా వుండనక్కరలేదు. అమలాపురం మెయిన్ రోడ్డులో ఇంటికి ఎంత వస్తుందో, ఇరవై కిలోమీటర్లలోపు దూరంలో వున్న మెరక ఇంటికీ అంతే రావచ్చు. పాత రాగి టెలిఫోను తీగ మీద ఇది జరిగే పని కాదు. దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోయేది. ఫైబర్ గొప్పదనమంతా ఇక్కడే వుంది. గాజుకు దూరంతో పెద్ద పేచీ లేదు, పేచీ వున్నది మనుషుల లెక్కలకే.

ఆ లెక్క ఎలా వుంటుందో చూడండి. బజారు వీధిలో నాలుగు స్తంభాల మధ్య ఇరవై ఇళ్లుంటాయి. వూరికి దూరంగా చేల మధ్య వున్న పేటకు పదిహేను స్తంభాలు దాటి వెళ్తే ఆరు ఇళ్లుంటాయి. తీగ వేసేవాడు ముందు బజారుకు వేస్తాడు. తరువాత రెండో వీధికి వేస్తాడు. ఆ పేట దగ్గరకు వచ్చేసరికి "మీ వాళ్లందరూ కలిసి పదిమంది తేల్చండి, వైరు లాగుతాను" అంటాడు. పేటలో పది ఇళ్లే లేకపోతే పదిమందిని ఎక్కడినుంచి తెస్తారు? అతనిది తప్పనలేము, చేతి డబ్బు పెట్టి వైరు కొనేది అతను. కాని ఆ పేట ఏది? చాలా వూళ్లలో అది దళితవాడ. కొన్నిచోట్ల మత్స్యకారుల పల్లె. లేదంటే కొత్తగా ఇళ్ల స్థలాలిచ్చిన కాలనీ. వీధి దీపమూ, సిమెంటు రోడ్డూ, మంచినీటి కుళాయీ ఏ వరసలో ఆఖరున వెళ్లాయో ఇంటర్నెట్టు తీగ కూడా ఆ వరసలోనే వెళ్తోంది.

ఈ తీగ లేకపోతే ప్రాణం పోతుందా అని కొందరు అడుగుతారు. సెల్ వుందిగా అంటారు. సెల్ వుంది, నిజమే. వాట్సాప్ సందేశానికి సరిపోతుంది. టవరు కింద వున్నవారికి సినిమాకూ సరిపోతుంది. కాని ఆ టవరు వేగాన్ని చుట్టుపక్కల అందరూ పంచుకోవాలి. సాయంత్రం ఏడయితే ఆ వేగం ఏమవుతుందో ఎవరి ఫోను వారికే చెబుతుంది. దట్టమైన కొబ్బరి తోటల మధ్య ఇళ్లలోకి సిగ్నల్ రావడం మరీ కష్టం, తడిసిన ఆకు సిగ్నల్‌ను మింగేస్తుంది. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు పిల్లలు పాఠాల కోసం డాబాలెక్కిన సంగతి అప్పుడే మరిచిపోకూడదు. 2022 మే నెలాఖరులో అమలాపురం ఘటనల తరువాత జిల్లాలో సెల్ ఇంటర్నెట్టు రోజుల తరబడి ఆపేస్తే, ఇంటినుంచి కంపెనీ కొలువులు చేసుకునే కుర్రవాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్టు పట్టారు. అప్పుడు గాని, కోనసీమ పల్లెల్లో అంతమంది ఇంటర్నెట్టు మీద తిండి తింటున్నారని చాలామందికి తెలియలేదు.

వారొక్కరే కాదు. అంబాజీపేటలో కొబ్బరి ధర పొద్దున్న ఎంత పలికిందో తెలుసుకుని దింపు తీయించే రైతు వున్నాడు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులను ఇంట్లో చుట్టి పై వూళ్లకు పంపే ఆడవారున్నారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల వాళ్లున్నారు. వీరందరికన్నా ముందు చెప్పుకోవలసినవారు గల్ఫ్ కుటుంబాలు. తల్లి కువైట్‌లోనో ఖతార్‌లోనో ఎవరింట్లోనో పనిచేస్తూ వుంటుంది. ఇక్కడ పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటారు. అక్కడ యజమాని ఇంట్లో పనంతా తెమిలాక ఆమెకు దొరికేది అరగంట. ఆ అరగంటలో బొమ్మ ఆగిపోతూ, మాట తెగిపోతూ వుంటే ఆ తల్లికి బిడ్డ మొహం కనబడేదెప్పుడు? ఈ లెక్కను ఎంబీపీఎస్‌లలో ఎవరూ వేయలేదు.

ఎర్ర దీపం వెలిగితే

సరే, తీగ ఇంటికి వచ్చింది. పెట్టె గోడకెక్కింది. ఒకరోజు పొద్దున్నే దాని మీద ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటుంది. ఎల్ఓఎస్ అని దాని పక్కన రాసివుంటుంది. వెలుగు రావడం లేదని అర్థం. టీవీ కూడా ఆ తీగ మీదే కాబట్టి అదీ ఆగుతుంది. ఇంటాయన కేబుల్ కుర్రాడికి ఫోను చేస్తాడు. "ఆయ్, రేపొద్దున్నే వచ్చేస్తానండి బాబాయ్" అంటాడు అతను. ఆ రేపు ఎన్నాళ్లకు వస్తుందో చెప్పడం కష్టం.

అతన్ని తిట్టి లాభం లేదు. అడకత్తెరలో పోకచెక్క లాంటివాడు కేబుల్ ఆపరేటరు. వూళ్లో వసూలు చేసేది అతను, ఇంటింటా మాట పడేది అతను. పైన తీగ ఒకరిది, స్తంభం విద్యుత్ సంస్థది, పెట్టె కంపెనీది. పూర్వపు కేబుల్ టీవీ వైరు తెగితే చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, సాయంత్రం సీరియల్ వేళకు బొమ్మ తెప్పించేవాడు. గాజు పోగు ఆ పని ఒప్పదు. కొసలు నున్నగా కోసి, మిషనులో ఎదురెదురుగా పెట్టి, నిప్పురవ్వతో కరిగించి అతకాలి. ఆ అతికే మిషను ఖరీదు చిన్నది కాదు. చిన్న వూళ్ల ఆపరేటరుకు సొంతంగా వుండదు. పక్క మండలంలో వున్నవాడిని పిలవాలి, ఆయనకు తీరిక దొరకాలి. ఎక్కడ తెగిందో తెలుసుకునే మిషను ఇంకొకటి వుంది. అది తీగలోకి వెలుగు పంపి, తిరిగొచ్చిన వెలుగును బట్టి ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో చెబుతుంది. అది లేకపోతే కుర్రవాళ్లు స్తంభం స్తంభం ఎక్కి చూడాలి. పైన కరెంటు పారుతూనే వుంటుంది. లైన్‌మన్‌తో చెప్పి లైను ఆపించకుండా నిచ్చెన వేసే అలవాటు చాలాచోట్ల వుంది. ఇంటర్నెట్టు కోసం ఒకరి బిడ్డ స్తంభం మీద ప్రాణం పోగొట్టుకోవలసిన పని లేదు. వెంటనే తేవయ్యా అని తొందరపెట్టేవారు ఈ సంగతి కూడా తలచుకోవాలి.

వినియోగదారుడికి మాత్రం తెలుసుకోవలసినవి కొన్ని వున్నాయి. కనెక్షన్ ఇచ్చిన రోజునే వెలుగు ఎంత వస్తున్నదో మీటరు పెట్టి చూపించమనాలి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య వుంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటి కిందికి పోతే పెట్టె ఆ వెలుగును గుర్తుపట్టడం కష్టం, వాన వస్తే పోతుంది, గాలి వేస్తే పోతుంది. ఇంట్లో డ్రాప్ వైరును మిగిలిందికదా అని బొటనవేలికి చుట్టినట్టు చిన్న చుట్ట చుట్టి మేకుకు తగిలించకూడదు. గాజు పోగును మరీ వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది. తలుపు సందులో నలగనివ్వకూడదు. సగం ఫిర్యాదులకు మూలం స్తంభం మీద కాదు, ఇంట్లోనే మంచం కోడు కింద వుంటుందని ఈ పని చేసేవారు నవ్వుతూ చెబుతుంటారు. మరమ్మతు మూడు పనిదినాలు దాటి ఆలస్యమైతే నెల అద్దెలో మినహాయింపు ఇవ్వాలని ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నిబంధనల్లో రాసింది. పట్నంలో అడిగి పుచ్చుకునేవారున్నారు. పల్లెల్లో అలాంటిదొకటి వుందని చెప్పేవారే లేరు.

కరెంటు సంగతి మరొకటి. వెనకటి నల్ల టెలిఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే రాగి తీగ మీద వచ్చేది. ఇంట్లో దీపాలారినా ఫోను మోగేది. గాజు తీగ కరెంటు మోయదు. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు వున్నా, అవతల వెలుగు పంపే చోట బ్యాటరీ నీరసించిపోతే అప్పుడూ ఇంటర్నెట్టు రాదు. ఇంటి పెట్టెకు చిన్న బ్యాటరీ చాలు, అది మరీ ఖరీదైనదేమీ కాదు. అవతలి బ్యాటరీలను ఎవరు, ఎప్పుడు మారుస్తున్నారన్నది మాత్రం జనం అడిగి తెలుసుకోవలసిందే.

గాలివానకు ముందే

ఈ జిల్లాకు గాలివాన కొత్త కాదు. 1996 నవంబరు 6 రాత్రిని చూసినవారు ఇంకా ప్రతి వూళ్లోనూ వున్నారు. కొబ్బరి చెట్లు ఒరిగిన దిక్కుకే స్తంభాలూ ఒరిగాయి. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంటే మన గుమ్మంలోనే. స్తంభం పడితే కరెంటు తీగ, ఫైబర్ తీగ కలిసి పడతాయి. విద్యుత్ సిబ్బంది పై జిల్లాలనుంచి లారీల్లో స్తంభాలు, మనుషులను తెచ్చి రాత్రింబవళ్లు పనిచేసి లైను నిలబెడతారు. వారి పని అది, చేస్తారు. కొత్త స్తంభం పాతి కరెంటు తీగ కడతారు. పాత స్తంభంతో పాటు పడిన ఫైబరు గట్టు పక్కన చుట్ట చుట్టుకుని పడి వుంటుంది, అది వారి పద్దు కాదు. కరెంటు వచ్చిన చాలా రోజులకు గాని ఇంటర్నెట్టు రాకపోవడానికి ఇదే మూలం. ఒకే స్తంభం మీద బతికే రెండు తీగలకు ఇద్దరు యజమానులు వుంటే వుండనీయండి, ఆపద సమయంలో పని చేసే ముఠాయైనా ఒకటి కావద్దా? విద్యుత్ ముఠా వెంట ఒక ఫైబరు మనిషి, ఒక కేబుల్ చుట్ట వెళితే ఒక నిచ్చెనతో రెండు పనులూ అవుతాయి.

సవరించిన భారత్‌నెట్‌లో ఒక మంచి మాట వుంది. పంచాయతీలను గొలుసులా ఒకదాని తరువాత ఒకటి కాక, ఉంగరంలా చుట్టూ కలపాలని. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వెలుగు వస్తుంది. మూడు పాయల గోదావరి మధ్య వున్న ఈ సీమకు ఇంతకన్నా కావలసింది లేదు. ఒక వంతెన మీదుగా వచ్చే తీగ తెగితే మరో వంతెన మీదుగా రావాలి. అయితే కోనసీమలో ఈ ఉంగరం గీసేవారు దస్త్రంలో పంచాయతీ పేర్లు చూసి గీయకూడదు, ఏటిని చూసి గీయాలి. 2022 జూలై వరదలో పి.గన్నవరం మండలం లంకల్లో పడవ తప్ప దారి లేకపోయింది. అక్కడ పంచాయతీ గట్టుకు ఇవతల వుండి, ఇళ్లు ఏటి అవతల వుంటే, పంచాయతీకి తీగ చేరినా లంకకు చేరినట్టు కాదు. వరదలో చిక్కుకున్న మనిషి తన గోడు చెప్పుకోవడానికి ఆ రోజునే తీగ కావాలి, నీరు తీశాక కాదు.

ప్రైవేటు కంపెనీలు చూసుకుంటాయి, సర్కారుకెందుకు ఈ బాధ అనే వాదం ఒకటి వుంది. కంపెనీలు వస్తున్నాయి, రావాలి కూడా. రావులపాలెంలోనూ రాజోలులోనూ ఇద్దరు ముగ్గురు పోటీపడి ధర తగ్గిస్తే జనానికి మంచిదే. కాని ఆ పోటీ బజారు వీధిలోనే జరుగుతుంది. ఆరు ఇళ్ల పేటకు పోటీపడి ఎవరూ రారు. ఆ పదిహేను స్తంభాల వైరు ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి. వీధి దీపానికి పెట్టినట్టే దీనికీ పంచాయతీయో ప్రభుత్వమో పెట్టడంలో తప్పేముంది? కొత్త భారత్‌నెట్‌లో వూరి కుర్రవాళ్లనే ఉద్యమిగా పెట్టి, ఆదాయంలో వాటా ఇచ్చి, కనెక్షన్లు ఇప్పించే పద్ధతి కూడా వుంది. డిగ్రీ చదివి ఖాళీగా వున్న కుర్రవాళ్లు ఏ వూళ్లో లేరు? వారిలో ఒకరికి అతికే పని నేర్పించి, నలుగురు అయిదుగురు ఆపరేటర్లకు కలిపి ఒక మిషను సమకూరిస్తే, పక్క మండలం మనిషి కోసం వారం ఎదురుచూసే పని వుండదు.

దీనికి మొదటి మెట్టు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. తమ వూళ్లో ఎన్ని ఇళ్లకు తీగ వెళ్లింది, ఏ పేటకు వెళ్లలేదు, ఏ స్తంభం మీద స్ప్లిట్టర్ పెట్టె వుంది, ఆ పెట్టెలో ఇంకా ఖాళీలు ఎన్ని వున్నాయి అన్న జాబితా పంచాయతీ కార్యదర్శి దగ్గర వుండాలి. ఇప్పుడు ఆ సంగతులన్నీ కేబుల్ కుర్రాడి బుర్రలో తప్ప ఎక్కడా లేవు. అతను పెళ్లి చేసుకుని హైదరాబాదు వెళ్లిపోతే ఆ తీగల చిక్కుముడి విప్పేవాడు వుండడు. గ్రామసభలో మురుగు కాలువ గురించి, వీధి దీపం గురించి అడుగుతున్నట్టే ఈ జాబితా గురించీ ఎవరో ఒకరు లేచి అడగాలి. శివారు పేటవారే అడిగితే మరీ మంచిది.

తుపానుల కాలం అక్టోబరుతో ముంచుకొస్తుంది. దానికి ముందే విద్యుత్ శాఖవారు లైన్ల మీద పడే కొమ్మలు, మట్టలు నరికించడం మామూలే. ఆ రోజున ఫైబరు చూసేవారు కూడా వెంట నడిచి, కిందికి జారిన తీగలు ఎత్తి కట్టించుకోవచ్చు. మండలంలో అతికే మిషను ఎవరి దగ్గర వుంది, అదనపు కేబుల్ చుట్ట ఎక్కడ వుంది, సబ్‌స్టేషన్ గదిలో బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది, ఫిర్యాదు ఏ నంబరుకు చెప్పాలి, ఈ నాలుగు సంగతులను ప్రతి పంచాయతీ బోర్డు మీద సెప్టెంబరు నెలాఖరులోగా రాయించాలి. అందుకు కావలసింది ఒక సుద్దముక్క, ఒక అరగంట సమయం.